కొమ్ము మొలిచిన బండి

ఆ వేసవంతా మా ఇంట్లో జరిగిన రభసకి మూలం ఒక్కటే: మా డీజిలు బండి గాలి ఎలా పీల్చుకోవాలి? వింటే నవ్వొస్తుంది. ఇప్పుడు నాకూ నవ్వే వస్తోంది కానీ, అప్పుడు మాత్రం ఇంటిల్లిపాదీ కస్సుబుస్సులాడుకున్నాం. అమ్మ అలిగి ఒక పూటంతా కుట్టుమిషను ముందునుంచి లేవలేదు. నాన్న అల్లుడికి మొహం చూపించలేక వీధి గుమ్మం మానేసి పెరటి దారిన తిరిగాడు. ఇక నేను... నా నోటి సంగతి మీకే తెలుస్తుంది.

ఎండలు ముదరకముందే నాన్న ఎడమ మోకాలు మొరాయించింది. డాక్టరు చూసి, ఇక క్లచ్చు తొక్కడం మానెయ్యమని తేల్చి చెప్పేశాడు. మా ఇంటికి ఆధారం అమ్మ కుట్టుమిషను, నాన్న పికప్పు బండి. బండి అమ్మేద్దామని నాన్న, అక్క, బావ కూడబలుక్కున్నారు. బావకి స్పేర్ పార్టుల కొట్టుంది. నలుగురూ వస్తూ పోతూ ఉండే చోటు కదా, కలప కోసే కోతమిల్లు ఆసామి ఒకాయన్ని కొనడానికి సిద్ధం చేసి పెట్టాడు కూడా.

"అమ్మడం దేనికి? నేను నడుపుతాను" అన్నాను.

"ఊళ్ళో బీరువాలూ మంచాలూ దింపి రావడం వేరే, రోజూ కిరాయికి తిప్పడం వేరే" అన్నాడు నాన్న.

"ఏం వేరే? అదే స్టీరింగు, అవే గేర్లు. నేర్పింది నువ్వేగా. సరిగ్గా నేర్పలేదంటావా?"

నిజం చెప్పాలంటే నాకా బండి కావాలి. అది పోతే అమ్మ పక్కన ఇంకో మిషను వేసుకుని కూర్చోవాలి. నాకు సూదిలో దారం ఎక్కించేసరికే ఆవులింతలొస్తాయి. అదే బండెక్కి తాళం తిప్పితే, అది గురగురమంటూ లేస్తే, ఒంట్లోకి హుషారొస్తుంది. ఇంకే పని చేసినా నాకలా ఉండదు.

నాన్న రెండు మూడు రోజులు నానబెట్టి చివరికి ఒక షరతు పెట్టాడు. కొండ మీదికి పోయే రోడ్డు వెడల్పు చేస్తున్నారు, అక్కడి పనివాళ్ళకి మంచినీళ్ళ డ్రమ్ములూ సామానూ మోసే పని ఆయనకి ముందే కుదిరింది. "ఈ వేసవి ఆ పని నువ్వు చెయ్యి. పక్క సీట్లో నేనుంటా. వానలు పడేలోపు ఇంజను విప్పాల్సిన అవసరం రాకపోతే బండి నీది. వచ్చిందా, మారుమాట్లాడకుండా అమ్మేస్తా."

"సరే" అన్నాను. ఆ రోడ్డు మీద ఎంత దుమ్ముంటుందో నాకప్పటికి తెలియదు.

పని మొదలవ్వబోతుండగా ఒక ఆదివారం బావ వచ్చాడు. చంకలో ఎర్రటి అట్టపెట్టె. తెచ్చి అమ్మ మిషను మీద, కుడుతున్న గుడ్డ మీదే పెట్టాడు.

"మావయ్యా, మీ బండికి నా కానుక. పవర్ ఫిల్టరు!"

పెట్టె తెరిస్తే లోపల గరాటు ఆకారంలో ధగధగలాడే వస్తువు. చుట్టూ ఎర్రటి నూలుగుడ్డ మడతలు, పైన అద్దంలా మెరిసే మూత. ఇంజనుకి గాలి దీనిగుండా పోతుందిట. గుడ్డకి నూనె పట్టించి ఉంటుంది కాబట్టి దుమ్ము దానికి అంటుకుంటుందిట, గాలి మాత్రం ధారాళంగా లోపలికెళ్ళి బండి గుర్రంలా ఉరుకుతుందిట.

"పైగా అత్తయ్యా, ఇది ఉతుక్కోవచ్చు. ఉతికి ఆరేసి మళ్ళీ పెట్టుకోవడమే. జన్మలో ఇంకోటి కొనక్కర్లేదు" అన్నాడు అమ్మతో.

అమ్మ ముచ్చటగా చూసింది. నాన్న "బాగుంది అల్లుడుగారూ, చాలా బాగుంది" అని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తీసుకెళ్ళి భద్రంగా బీరువాలో పెట్టాడు. బావ గుమ్మం దాటగానే, "బండికి కాగితం ఫిల్టరే దేవుడు. ఈ సోకులన్నీ మనకెందుకు?" అన్నాడు నాతో.

కాగితం ఫిల్టరంటే నాన్నకి ప్రాణం. సాయంత్రం బండి ఇంటికి రాగానే బానెట్టెత్తి, ఫిల్టరు బయటికి లాగి, వెనక టైరుకేసి టపటపా కొట్టేవాడు. ఆ తర్వాత నోటితో ఊదేవాడు. ఊది, వెలుతురుకి పట్టి ఒక కన్ను మూసి చూసేవాడు. నేను పుట్టకముందు నుంచీ అదే వరస. ఆ టపటపలు వింటే చాలు, మా వీధిలో వాళ్ళు "డ్రైవరుగారు వచ్చేశారు" అనుకునేవాళ్ళు.

రోడ్డు పని దగ్గరికి మొదటి రోజు వెళ్ళగానే నాకు కళ్ళు తిరిగాయి. పాత రోడ్డంతా తవ్వి పోశారు. టిప్పర్లు అటూ ఇటూ పోతుంటే పిండిలాంటి ఎర్రమట్టి లేచి ఆకాశాన్నంటుతోంది. ఎదురుగా వచ్చే బండి హారన్ వినబడాలే తప్ప కనబడదు. నా కనుబొమలు, నాన్న మీసాలు ఒకే రంగుకి తిరిగాయి.

అక్కడ గ్రేడరు నడిపే ఒకాయన ఉండేవాడు. మట్టిని చదును చేసే ఆ పెద్ద యంత్రం మీద మహారాజులా కూర్చుని, మా బండి కనబడగానే, "నీళ్ళమ్మా! ముందు నాకు!" అని కేకేసేవాడు. మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ. కోతలు కోస్తే కొండలు కదలాల్సిందే. తను లేకపోతే ఈ లోకంలో రోడ్డన్నదే ఉండేది కాదన్నట్టు మాట్లాడేవాడు. అయినా ఆయన్ని చూస్తే మాకందరికీ హుషారుగానే ఉండేది.

మొదటి వారం బాగానే గడిచింది. ఆ తర్వాత ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఆయాసపడడం మొదలెట్టింది. మూడో గేరులో పోయేచోట రెండో గేరు అడుగుతోంది. నాన్న సాయంత్రం టపటపలు రెట్టింపు చేశాడు.

అమ్మ మంచితనం మా కొంప ముంచింది ఆ రోజుల్లోనే. ఒక ఆదివారం నాన్న ఫిల్టరు దులిపి అరుగు మీద పెట్టి, మంగలి దగ్గరికి వెళ్ళాడు. నేను మొద్దునిద్ర పోతున్నాను. అమ్మ దాన్ని చూసింది. ఎంత దులిపినా పోని మట్టి. ఫిల్టర్లు ఉతుక్కోవచ్చని అల్లుడు చెప్పనే చెప్పాడు. పాపం, మొగుడికీ కూతురికీ సాయం చేద్దామనుకుంది. సబ్బునీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో శుభ్రంగా రుద్ది, నాన్న చొక్కాల మధ్య తీగ మీద క్లిప్పు పెట్టి ఆరేసింది. ఎండకి అది గలగలా ఆరిపోయింది. సాయంత్రం ఎక్కడిదక్కడ అరుగు మీద పెట్టేసి, ఆ సంగతే మర్చిపోయింది.

మర్నాడు పొద్దున్నే నాన్న దాన్ని చూసి ఉప్పొంగిపోయాడు.

"చూశావా నా చెయ్యి! కొత్తదానిలా ఉంది. దులపడం కూడా ఒక విద్యేనమ్మాయ్."

"నిజమే నాన్నా, మెరిసిపోతోంది" అన్నాను నేను కూడా, తెలివితక్కువదానిలా.

కొండ మలుపు దగ్గర సగం ఎత్తులో బండి దగ్గింది. ఇంకోసారి దగ్గి, వెనక గొట్టంలోంచి నల్లటి పొగ వదిలి, ఉన్నచోటే నిలబడిపోయింది. వెనక డ్రమ్ముల నిండా నీళ్ళు. పైన ఎండలో పనివాళ్ళు నీళ్ళ కోసం చూస్తున్నారు. నాన్న కుంటుకుంటూ దిగి బానెట్టెత్తి ఫిల్టరు లాగాడు. కాగితం మడతలన్నీ ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోయాయి, ఒక అంచున చిరుగు. నాన్న దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన మొహం చూడాలి అప్పుడు.

"సబ్బు వాసనొస్తోందేమిటే!"

ఇద్దరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. "అమ్మ" అన్నాను. "మీ అమ్మే" అన్నాడు.

నవ్వు రాబోయింది గానీ, ఫిల్టరు వెనకాల ఇంజన్లోకి పోయే రబ్బరు గొట్టంలో వేలు పెట్టి తుడిచి చూశాను. వేలికి సన్నటి ఎర్రటి మట్టి అంటింది, గరగరలాడుతోంది. ఆ మట్టి లోపలికెళ్తే పిస్టన్లని గరుకు కాగితంలా అరగదీస్తుంది. అరిగిందంటే ఇంజను విప్పాలి. విప్పారంటే బండి కోతమిల్లుకి, నేను కుట్టుమిషనుకి.

గ్రేడరాయన పైనుంచి చూసి, యంత్రం వేసుకుని కిందికి దిగొచ్చి, గొలుసు కట్టి మమ్మల్ని పైకి లాగాడు. సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇస్త్రీ కూడా చేసుంటే సరిపోయేదమ్మా!" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది గానీ, లాగిన మనిషిని ఏమంటాం?

ఇంటికెళ్ళి చెప్పగానే అమ్మ ముందు నమ్మలేదు, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత ఎదురు తిరిగింది. "ఉతుక్కోవచ్చని అల్లుడు చెప్పాడా లేదా? ఉతికేది ఏదో, ఉతకనిది ఏదో ముందే చెప్పి ఏడవచ్చు కదా! ఇంట్లో మురికిదేది కనబడినా ఉతకడమేగా నాకు తెలిసింది!" అని మిషను ముందు కూర్చుని రాత్రి భోజనానికి కూడా లేవలేదు. నాన్న వెళ్ళి బతిమాలాల్సి వచ్చింది.

తెల్లవారితే మళ్ళీ నీళ్ళు మొయ్యాలి. ఇంట్లో ఉన్నది బీరువాలోని ఎర్రపెట్టె ఒక్కటే. "పోనీలే, అల్లుడి మాటా దక్కుతుంది" అని నాన్నే దాన్ని బిగించాడు.

దాంతో మా బండి గొంతు మారిపోయింది. కాలు నొక్కితే చాలు, బానెట్టు కింద సింహం ఉన్నట్టు గర్జన. ఎత్తు కూడా బాగానే ఎక్కింది. అమ్మ వీధి గుమ్మంలో నిలబడి, "విమానంలా ఉందే!" అని మురిసిపోయింది. బావ సాయంత్రం వచ్చి ఆ గర్జన విని, మా వీధి వీధంతా వినేలా మూడుసార్లు నొక్కించుకున్నాడు.

నాకు మాత్రం ఆ గొట్టం మీదే మనసు. ఐదారు రోజులయ్యాక, నాన్న టీ తాగడానికి వెళ్ళినప్పుడు, గొట్టం విప్పి తెల్లగుడ్డతో లోపల తుడిచాను. గుడ్డకి నూనె కలిసిన సన్నటి మట్టిపూత. ఏ తారురోడ్డు మీదో అయితే సరిపోయేది కానీ ఈ పిండి దుమ్ముకి ఆ గుడ్డ ఆగడం లేదు. ధారాళంగా పోయే గాలితో మట్టి కూడా ధారాళంగానే పోతోంది.

నాన్నకి చూపించాను. ఆయన గుడ్డ వంక చూసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఎవరికీ చెప్పకు."

"చెప్పకపోతే ఎలా? తీసెయ్యాలి నాన్నా."

"అల్లుడు ప్రేమగా తెచ్చిచ్చాడే. తీసి పక్కన పడేస్తే మీ అక్క ఏమనుకుంటుంది? ఆ అబ్బాయి మొహం నేనెలా చూస్తాను?"

"మొహమాటానికి పోయి ఇంజను చంపుకుంటామా? నీ షరతేమో నాకు, మర్యాదలేమో బావకా? ఇదెక్కడి న్యాయం?"

"పోనీ మళ్ళీ కాగితందే వేద్దాం. రోజూ దులుపుతాను" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నీ దులపడమే సగం చంపింది! విప్పిన ప్రతిసారీ ఫిల్టరు గూట్లో ఉన్న మట్టి లోపల పడుతుంది. కొట్టిన ప్రతిసారీ కాగితం చిట్లుతుంది. గ్రేడరాయన చెప్పాడు. నాకూ కళ్ళున్నాయి, చూస్తూనే ఉన్నాగా!"

నాన్న మొహం చిన్నబోయింది. అనకుండా ఉండాల్సింది అనిపించి, నా మీద నాకే కోపమొచ్చింది. కానీ అన్నది అబద్ధమూ కాదు. ఆ రోజు నుంచి బావ వచ్చే వేళకి నాన్న పెరటి దారిన మాయమయ్యేవాడు.

ఇక లాభం లేదని నేనే బావ కొట్టుకి వెళ్ళాను.

"బావా, రేపు మా బండెక్కు. నువ్విచ్చిన ఫిల్టరు ఎలా పనిచేస్తోందో స్వయంగా చూద్దువుగాని."

"అబ్బో, డ్రైవరమ్మగారి ఆహ్వానం! వస్తా, వస్తా" అన్నాడు. వచ్చాడు కూడా, ఎక్కడికో పెళ్ళిచూపులకెళ్తున్నట్టు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని. నాన్న ఆ రోజు మోకాలి నొప్పని ఇంట్లో ఉండిపోయాడు. నొప్పి మోకాలిది కాదని నాకు తెలుసు.

మొదటి టిప్పరు ఎదురైనప్పుడు బావ దగ్గాడు. రెండోది దాటాక జేబురుమాలు ముక్కుకి కట్టుకున్నాడు. మధ్యాహ్నానికి ఆయన చొక్కా ఏ రంగుదో చెప్పడం కష్టమైపోయింది. "మరదలా, రోజూ ఇలాగేనా? నువ్వు ఇందులోనా తిరుగుతున్నావు?" అని అడిగాడు. ఆ గొంతులో వేళాకోళం లేదు.

"నేను ఇంటికెళ్ళి స్నానం చేస్తాను బావా. బండి ఏం చేస్తుంది?"

బండి నీడలో ఆపి, బానెట్టెత్తి గొట్టం విప్పి ఇచ్చాను. బావ వేలు పెట్టి తుడిచాడు. వేలి వంక చూశాడు, బొటనవేలితో రాసి చూశాడు. కొట్టువాడు కదా, ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"తీసెయ్ మరదలా" అన్నాడు.

"నువ్వు నొచ్చుకుంటావని నాన్న..."

"మావయ్య పెరటి దారిన ఎందుకు పోతున్నాడో ఇప్పుడర్థమైంది. నా దగ్గర ఏదో అప్పు పడ్డట్టు తప్పించుకుంటుంటే, నేనేం తప్పు చేశానా అని మీ అక్కా నేనూ నాలుగు రోజుల్నుంచి తల బద్దలు కొట్టుకుంటున్నాం!" అని పగలబడి నవ్వాడు. నవ్వాక కాస్త ఆగి, "పెట్టె ఎర్రగా మెరుస్తుంటే మావయ్యకిద్దామనిపించింది. ఏ రోడ్డు మీద తిరుగుతుందో అడగనే లేదు" అన్నాడు. మా బావ మీద నాకెప్పుడూ లేనంత ఇష్టం కలిగింది ఆ క్షణంలో.

అంతలో "నీళ్ళమ్మా! ముందు నాకు!" అని గ్రేడరాయన కేక. నీళ్ళు తీసుకెళ్ళినప్పుడు బావ ఆ యంత్రం మీదున్న గుండ్రటి గాజుబుడ్డి లాంటిదాని ముందు ఆగిపోయాడు. ఇంజనుకి పోయే గాలి ముందు అందులో గిరగిరా తిరుగుతోంది. ఆ తిరుగుడికి బరువైన మట్టంతా విడిపోయి బుడ్డి అడుగున కూర్చుంటోంది. తేలికైన గాలి మాత్రం ఫిల్టరు వైపు పోతోంది.

"ఇది నేనే కనిపెట్టా" అన్నాడు గ్రేడరాయన.

"కనిపెడితే కనిపెట్టావు గానీ బాబాయ్, ఇలాంటిది మా బండికి పడుతుందా?" అన్నాను.

"గొట్టానికి మూతి కుదర్చడం తెలిస్తే దేనికైనా పడుతుంది."

తర్వాత మూడు రోజులు బావ కొట్టు తెరిచాడో లేదో గానీ, ఊళ్ళోని ట్రాక్టరు సామాన్ల కొట్లన్నీ తిరిగాడు. నన్ను పిలిచి బల్ల మీద వరసగా పేర్చాడు. చిన్న బుడ్డి, పెద్ద బుడ్డి, నాలుగు రకాల ఫిల్టరు డబ్బాలు. "నువ్వే ఎంచు. ఈసారి నేను నోరెత్తను" అన్నాడు, ఎత్తుతూనే.

ఇదిగో ఇక్కడ నాకు భయమేసింది. ఇంతవరకూ నాన్నదాన్నీ బావదాన్నీ తప్పుపట్టడం తేలికే. ఇప్పుడు ఎంచేది నేను. ఇది కూడా తప్పయితే అనడానికి ఇంకెవరూ లేరు. ఒక్కో డబ్బా విప్పి, రబ్బరు అంచులు వేళ్ళతో నొక్కి చూశాను. ఎంత మంచి ఫిల్టరైనా అంచు దగ్గర సందుంటే గాలి ఆ సందులోంచే దూరుతుంది. మెరిసే డబ్బా ఒకదానికి మూత సరిగ్గా కూర్చోలేదు, పక్కన పెట్టేశాను. ఇంకోటి మా బానెట్టు కింద పట్టదు.

"చీర కొంటున్నట్టు ఇంతసేపేమిటే?" అన్నాడు బావ.

"చీరైతే మా అక్కని పంపేదాన్ని. నువ్వీపాటికి కొట్టు మూసుకుని పారిపోయేవాడివి."

చివరికి నల్లటి మొరటు డబ్బా ఒకటి తీసుకున్నాను. అందంలో సున్నా. లోపల మందమైన పొడి ఫిల్టరు, దాని లోపల ఇంకో చిన్న ఫిల్టరు. పైది చిరిగినా లోపలిది కాపాడుతుంది. దానికి తోడు పెద్ద బుడ్డి. ఫిల్టరు నిజంగా పూడుకుపోతే ఎర్రగా మారే చిన్న కన్ను లాంటి మీటరొకటి స్టీరింగు పక్కన పెట్టుకోవడానికి. అది ఎర్రబడేదాకా డబ్బా విప్పకూడదు.

బుడ్డి దుమ్ముకి పైనుండాలి కాబట్టి, బానెట్టు పక్కనుంచి ఒక గొట్టం లేపి, అద్దం పక్కగా పైకి తీసుకెళ్ళి బిగించాం. నేను, బావ, ఇద్దరం గ్రీజులో మునిగిపోయాం. నాన్న అరుగు మీంచి చూస్తూ, "ఇంకాస్త ఎడమకి... ఆఁ, ఎక్కువైంది" అంటూ ఉన్నాడు. అల్లుడే తీసేశాడు కాబట్టి ఆయన మొహమాటం తీరింది, మళ్ళీ వీధి గుమ్మంలోకొచ్చాడు.

వీధిలో వాళ్ళందరికీ కాలక్షేపం దొరికింది. "బండికి కొమ్ము మొలిచిందేమిటమ్మాయ్?" అని ఒకరు, "ఎవరినైనా పొడుస్తుందా?" అని ఇంకొకరు. రోడ్డు పనివాళ్ళయితే ఆ రోజునుంచి "కొమ్ము బండి వచ్చింది" అనడమే. అమ్మ ఆ కొమ్ముకి రాత్రిపూట తొడగడానికి గుడ్డ టోపీ కుట్టింది, అంచున ఎర్రటి పైపింగుతో. "ఇది ఉతుక్కోవచ్చు" అంది మా అందరి వంకా గుర్రుగా చూసి.

మొదటి రోజు సాయంత్రానికే బుడ్డి సగం నిండింది. విప్పి కాగితం మీద బోర్లిస్తే గుప్పెడు ఎర్రమట్టి. నాన్న దాన్ని వేలితో కెలికి చూశాడు. కాసేపటికి చూస్తే, కాగితం పట్టుకుని పక్కింటి అరుగు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఇదంతా మా ఇంజన్లోకి పోవలసిందండీ! ఒక్క రోజుది! ఆగిపోయింది!" అంటున్నాడు. అప్పట్నుంచి బుడ్డి ఖాళీ చెయ్యడం ఆయన ఉద్యోగం. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

కానీ ఆయన చెయ్యి ఫిల్టరు కోసం లాగుతూనే ఉండేది పాపం. ఇన్నేళ్ళ అలవాటు. సాయంత్రం టపటపలు లేకపోతే రోజు పూర్తవనట్టు బండి చుట్టూ తిరిగేవాడు.

ఒక సాయంత్రం నేను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి బానెట్టెత్తి ఉంది. నాన్న నల్లడబ్బా మూత క్లిప్పు మీద చెయ్యి వేసి ఉన్నాడు. నేను అరవబోయాను. ఈలోగా ఆయనే నన్ను చూశాడు. చెయ్యి తియ్యలేదు గానీ, క్లిప్పు లాగనూ లేదు.

"విప్పమంటావా?" అని అడిగాడు.

నాన్న బండి గురించి నన్నెప్పుడూ ఏదీ అడగలేదు. చెప్పేవాడు. ఇలా తొక్కు, అలా తిప్పు, ఇక్కడ ఆపు అని పక్క సీట్లోంచి ఆయన చెప్పడం, నేను విసుక్కుంటూ చెయ్యడమే అప్పటిదాకా. నేను లోపలికి వంగి మీటరు కన్ను చూశాను. పచ్చగానే ఉంది.

"వద్దు నాన్నా" అన్నాను.

"సరే" అని బానెట్టు దించేశాడు. ఇద్దరం లోపలికెళ్ళి టీ తాగాం.

ఆ తర్వాత ఎండలు పెళపెళలాడాయి. రోడ్డు మీద కంకర పడింది, రోలర్లు తిరిగాయి, దుమ్ము రెండింతలైంది. మా బండి మాత్రం డ్రమ్ముల బరువుతో మూడో గేరులో కొండెక్కింది. నల్లపొగ లేదు, ఆయాసం లేదు. ఇంజను నూనె మార్చినప్పుడు బావ చుక్క తీసి వేళ్ళ మధ్య రాసి, గరుకు లేదన్నాడు. గ్రేడరాయన, మా బండి కొమ్ము కూడా తన సలహాతోనే మొలిచిందని అందరికీ చెప్పుకున్నాడు. అది సగం నిజమే కాబట్టి నేను ఊరుకున్నాను.

మొదటి వాన పడిన మధ్యాహ్నం, తడిసిన మట్టివాసన వీధంతా నిండిన వేళ, గొడుగేసుకుని ఒకాయన మా ఇంటికొచ్చాడు. వెనకాలే బావ, గొంతులో వెలక్కాయ పడ్డట్టు మొహం పెట్టుకుని. వచ్చింది కోతమిల్లు ఆసామి. వేసవి అయ్యాక రమ్మని బావ ఎప్పుడో చెప్పిన మాట బావే మర్చిపోయాడు, ఆయన మర్చిపోలేదు.

ఆయన బండి చుట్టూ తిరిగాడు. కొమ్ము చూసి నవ్వాడు. ఇంజను ఆన్ చేయించి చెవి పెట్టి విన్నాడు, నూనె గొట్టం మూత తీసి పొగ చూశాడు. గాలి గొట్టం విప్పించి వేలు పెట్టి, బయటికి తీసి చూసుకున్నాడు. వేలు శుభ్రంగా ఉంది.

"ఆ రోడ్డు మీద తిరిగిన బండి ఇలా ఉందంటే నమ్మలేకపోతున్నానండీ" అన్నాడు అరుగు మీద కూర్చున్న నాన్నతో. "నేను ముందు అనుకున్నదానికంటే ఎక్కువే ఇస్తాను. ఏమంటారు?"

షరతు నాకు గుర్తే, నాన్నకీ గుర్తే. కానీ ఆయన మోకాలు ఇంకా అలాగే ఉంది, ఎదురుగా మంచి బేరం నిలబడి ఉంది. అమ్మ మిషను ఆపింది. వాన చూరు మీంచి ధారగా కారుతోంది.

నాన్న కాలు సర్దుకుని కూర్చున్నాడు.

"నన్నడుగుతారేమిటండీ? బండి నాది కాదు" అన్నాడు. "ఓనరుగారు అదుగో, అక్కడున్నారు. ఆవిణ్ణి అడగండి."

కోతమిల్లాయన చుట్టూ చూసి, గ్రీజు గుడ్డ పట్టుకుని నిలబడ్డ నా దగ్గర ఆగాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నా నోరు ఇంకా జోరుగా పనిచేస్తుంది.

"బండి అమ్మనండీ" అన్నాను. "కానీ మీ మిల్లులో చెక్క మొయ్యడానికే కదా కొంటానంటున్నారు? ఆ చెక్కేదో నేనే మోస్తాను. రోడ్డు పని అయిపోయింది, రేపట్నుంచి బండి ఖాళీయే."

ఆయన నన్నొకసారి, బండినొకసారి చూశాడు. బావ వెనకనుంచి బొటనవేలెత్తి చూపిస్తున్నాడు. కోతమిల్లాయన గొడుగు మడిచి గోడకానించాడు.

"సరే, కిరాయి ఎంతమ్మా?"

నాన్న నోరు తెరిచాడు. నా వంక చూశాడు. మళ్ళీ మూసేసుకుని వాన కేసి తిరిగి కూర్చున్నాడు.

కిరాయి నేనే చెప్పాను.